గీత దాటిన పోస్టుకార్డులు

2016 జూన్‌లో ఒక కరస్పాండెన్స్ చెస్ సంఘం నన్ను తన నిఘా కమిటీలో పరిశీలకుడిగా నియమించింది. అప్పటికి ప్రొద్దుటూరులో డిగ్రీ కాలేజీ లెక్కల లెక్చరర్‌గా నాకింకా మూడేళ్ల సర్వీసు ఉంది. జీతం లేని పదవే అయినా ఉత్తర్వు చూసుకుని మురిసిపోయాను. పాతికేళ్లు పరీక్ష హాళ్లలో స్లిప్పులు పట్టి చండశాసనుడనిపించుకున్నవాడిని. దొంగను పట్టే పని నాకు కాక ఇంకెవరికిస్తారు అనుకున్నాను.

కరస్పాండెన్స్ చెస్ అంటే ఎదురెదురుగా కూర్చోకుండా దూరం నుంచి ఆడే చదరంగం. ఒకప్పుడు ఎత్తును పోస్టుకార్డు మీద రాసి పంపేవాళ్లం. ఒక్కో ఆట ఏడాది దాటేది. ఇప్పుడది ఇంటర్నెట్‌లోకి వచ్చింది. పది ఎత్తులకు యాభై రోజుల గడువు. పుస్తకాలు చూసుకోవచ్చు, పాత ఆటలు తిరగేయవచ్చు. కంప్యూటర్‌ను ఎత్తు అడగడం మాత్రం మా సంఘంలో నిషేధం. కొన్ని సంఘాలు దానికీ ఒప్పుకుంటాయి గానీ మావాళ్లు ఒప్పుకోలేదు.

ఎవరి మీదైనా ఫిర్యాదు వస్తే వాళ్ల ఆటలన్నీ నా దగ్గరికి వచ్చేవి. వాటిని చెస్ ఇంజన్‌లో, అంటే ఎత్తులను లెక్కగట్టే ప్రోగ్రాంలో వేసి, అది మేలని చూపిన ఎత్తూ మనిషి వేసిన ఎత్తూ ఎన్నిసార్లు కలిశాయో లెక్కపెట్టాలి. మొదటి పది ఎత్తులు వదిలేయాలి, అవి అందరికీ నోటికి వచ్చేవే కాబట్టి. మిగతావాటిలో కలిసినవి మేం గీసుకున్న గీత దాటితే అనుమానం. ఎత్తులు పంపిన సమయాలు కూడా చూస్తాం. ఆ పైన సంజాయిషీ నోటీసు. జవాబు తృప్తిగా లేకపోతే నిషేధం, సంఘం పేజీలో పేరు.

మరుసటి ఏడాది ఓబులేసు మీద ఫిర్యాదు వచ్చింది. లింగాల మండలంలోని ఒక పల్లె అతనిది. గొర్రెలు కాసే కుటుంబం. డిగ్రీ చదివి, మందనూ కొంత చీనీ తోటనూ చూసుకుంటూ, ఆదివారాలు పులివెందులలో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు చెస్ నేర్పేవాడు. మా పోటీలో ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద ఉన్నాడు. లెక్క వేస్తే గీత దాటింది. సమయాలు చూస్తే ఇంకా ఘోరం. రోజంతా ఉలుకూ పలుకూ ఉండదు, సాయంత్రం పది నిమిషాల్లో ఆరేడు ఆటలకు టకటకా ఎత్తులు. మనిషి ఇలా ఆడడని తీర్మానించాను. నోటీసుకు అతని జవాబు ఒక్క ముక్క: "ఆడింది నేనే సార్." ఇదీ ఒక సంజాయిషీయేనా అని నాకు మండింది. నిషేధానికి సిఫారసు రాశాను, వారంలో పేరు పేజీకెక్కింది.

నెల తిరక్కముందే అతను ప్రొద్దుటూరు బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. గొడవకు వచ్చాడనుకుని నేను గొంతు సవరించుకున్నాను. అతను వరండాలో కుర్చీ అంచున కూర్చుని, స్కూలువాళ్లు ఆదివారం క్లాసు మాన్పించారని చెప్పాడు. బజార్లో కనబడితే పిల్లలు తనను మిషన్ సార్ అని పిలుస్తున్నారట. సాయంత్రం ఎత్తుల సంగతి అడిగాను.

"మా ఊర్లో సిగ్నలు యాడుంది సార్? గుట్టెక్కితేనే వస్తాది. పొద్దంతా గొర్ల ఎనకాల తిరుగుతా ఆలోచన చేసి పెట్టుకుంటా. మళ్లుకునేటప్పుడు గుట్టెక్కి అన్నీ ఒకేసారి పంపేస్తా."

నమ్మనూ లేదు, నమ్మకుండా ఉండనూ లేకపోయాను. సమయాల సంగతి సరే, ఎత్తులు కలవడం మాటేమిటన్నాను. అతను గొంతు పెంచకుండానే అడిగాడు.

"మీ ఆటలు ఎప్పుడన్నా ఆ ఇంజన్‌లో ఏసి చూసినారా సార్?"

నాకు చురుక్కుమంది. అతను వెళ్లగానే బీరువా పైనుంచి అట్టపెట్టె దించాను. ఈ జిల్లాలో కంప్యూటర్‌ను నేనింకా కంటితో చూడని రోజుల్లో ఆడిన ఆటల పోస్టుకార్డులు అవి. వాటిలో నేను గెలిచి, పదిమందికి చెప్పుకుని తిరిగిన ఒక ఆటను ఎత్తు ఎత్తుగా ఎక్కించి అదే లెక్క వేశాను.

గీత దాటింది. ఓబులేసు కంటే పైకి పోయింది.

తప్పు ఎక్కించానేమోనని మళ్లీ వేశాను. ఇంకో రెండు ఆటలు వేశాను, వాటిలో ఒకటి కూడా దాటింది. ముఖం చూసి మా ఆవిడ ఏమైందని అడిగింది, చెప్పాను. ఆమె ఒక పోస్టుకార్డు తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే ఇంగ మిమ్మల్నెవురు డిబార్ చేయాల?" అంది. హాస్యానికే అంది గానీ నాకు నవ్వు రాలేదు.

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. పది ఎత్తులు వదిలేసే పద్ధతి ఎదురెదురుగా కూర్చుని ఆడేవాళ్లది. పుస్తకం తెరిచి పెట్టుకుని ఆడే మా ఆటలో ఇరవై, ఇరవై అయిదు ఎత్తుల దాకా పుస్తకంలోవే పడతాయి. అవి మంచి ఎత్తులు కాబట్టే పుస్తకానికెక్కాయి, ఇంజన్ కూడా వాటినే మెచ్చుకుంటుంది. పైగా ఒకే దారి ఉన్న చోట మనిషైనా మిషనైనా ఆ దారినే పోతారు. అలాంటివి కూడా నేను నేరం కింద లెక్కగట్టాను. అవన్నీ తీసేస్తే ఓబులేసు గీతకు చాలా కింద ఉన్నాడు. పాతికేళ్లు లెక్కలు చెప్పినవాడు చేయాల్సిన తప్పు కాదిది. గురివింద గింజ సామెత క్లాసులో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో!

నిషేధం ఎత్తేయమని కమిటీకి రాశాను, నా పాత ఆటకు వచ్చిన ఫలితాన్ని కూడా జతచేశాను. పేజీలోంచి పేరు తీశారు. ఫైనల్ అప్పటికే మొదలైపోయింది, ఆ చోటు ఇంకొకరికి పోయింది, దాన్ని వెనక్కి తేవడం ఎవరి వల్లా కాలేదు. పులివెందుల స్కూలు ప్రిన్సిపాల్ నిషేధం తప్పని నేను రాసిన ఉత్తరాన్ని లెక్కచేయలేదు. కంప్యూటర్ ఒకసారి చెప్పాక మళ్లీ మనిషి మాటేమిటన్నారట. పోస్టుకార్డుల కట్ట తీసుకుని నేనే వెళ్లాను. ఆయన తపాలా ముద్రల మీది తేదీలు ఒక్కొక్కటే చూసి, ఈ ముక్క ముందే ఎందుకు చూడలేదని అడిగారు. పై ఆదివారం ఓబులేసును మళ్లీ క్లాసుకు పిలిచారు.

ఆ తర్వాత నా పాత ఫైళ్లన్నీ దించి కొత్త లెక్క వేశాను. ఇంకొక నిషేధం నిలబడలేదు. అది జమ్మలమడుగులో ఉంటున్న ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు మీద వేసింది. క్షమాపణ ఉత్తరంలో చెప్పేది కాదని బస్సులో వెళ్లి, నా లెక్క తప్పిందనీ మీరు ఏ తప్పూ చేయలేదనీ చెప్పాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"లేదు సార్. నేను మిషన్ చూసే ఆడినా. ఆటకు రెండు మూడు తావుల్లో, ఇంగ దోవ లేదనుకున్నప్పుడు. మీరు ఇంత దూరమొచ్చి నేను చేయలేదంటాంటే నాకే సిగ్గయితాంది."

తప్పుడు లెక్క అసలు దొంగను పట్టింది, సరైన లెక్క వదిలేసింది. ఆ లెక్కల మధ్య నలిగింది గొర్రెల వెంట తిరుగుతూ సొంతంగా ఆలోచించిన మనిషి.

తర్వాత మూడేళ్లు ఆ పదవిలో ఉన్నాను. అంకె చూసి ఒక్క సిఫారసు కూడా రాయలేదు. ఆటగాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఈ ఎత్తు ఎందుకు వేశావని అడిగి, చెప్పింది పూర్తిగా విన్నాకే కలం తీసేవాణ్ణి. ఓబులేసును మాత్రం నేనా మాట ఏనాడూ అడగలేదు. అడగాల్సినప్పుడు నోటీసు పంపాను.