గోడవైపు తిప్పిన ఫోను

ఆ ఏడాది కరోనాతో కాలేజీలు మూసి ఉన్నాయి. హన్మకొండలో ఒక మహిళా కళాశాలలో కంప్యూటర్ ల్యాబు చూసుకునే ఉద్యోగంలో చేరి నాకు అప్పటికి ఏడు నెలలు. విద్యార్థినులు రాని ల్యాబులో కంప్యూటర్ల మీద గుడ్డలు కప్పడం, వారానికోసారి వరుసగా అన్నింటినీ ఆన్ చేసి మళ్లీ ఆఫ్ చేయడం నా పని. అలాంటి రోజుల్లో ఒక పొద్దున, ఆటలు చూసుకునే మా పీడీ మేడం ల్యాబు గుమ్మంలో నిలబడి అడిగింది.

"తమ్మీ, చెస్సు ఫోన్ల ఆడుతరట గదా. మనం పెట్టొచ్చా?"

మేడం ఒకప్పుడు ఖోఖో ఆడిన మనిషి. చెస్సులో గుర్రం ఎటు దూకుతుందో కూడా తెలియదు. కానీ యూనివర్సిటీ మహిళల చెస్ జట్టును ఎంపిక చేసే పని ఆ ఏడు మా కాలేజీకి వచ్చింది. పోటీలో మొదటి నలుగురు జట్టులోకి, ఐదో అమ్మాయి రిజర్వు. అందరినీ ఒక హాలులో కూర్చోబెట్టే వీలు లేదు.

"పెట్టొచ్చు మేడం. రూల్స్ నేను రాస్తా," అన్నాను.

"రాయి రాయి. నీకు గదే గదా పండుగ," అంది మేడం.

రెండు రోజులు కూర్చుని ఇరవై మూడు నిబంధనలు రాశాను. వాటిలో నాకు బాగా నచ్చింది తొమ్మిదోది. ఆన్‌లైన్ చెస్సులో మోసం చాలా తేలిక. పక్కన ఎవరో ఒకరు ఇంకో ఫోనులో చెస్ ప్రోగ్రామ్ తెరిచి ఎత్తులు అందిస్తే చాలు. అందుకని ప్రతి క్రీడాకారిణికీ రెండు ఫోన్లు ఉండాలన్నాను. ఒకదానిలో ఆట ఆడాలి. రెండోదాన్ని వెనక ఒక మూల పెట్టి వీడియో మీటింగులో చేరాలి. అందులో ఆమె చేతులు, ఆట కనిపించే తెర, గది తలుపు మూడూ కనిపించాలి. ఆట ముగిసేదాకా ఆ రెండో ఫోను కదలకూడదు. కదిలితే ఆ ఆట ఓడినట్టే.

ఒక ఆదివారం పొద్దున ముప్పై రెండు మంది అమ్మాయిలు నా తెర మీద ముప్పై రెండు చిన్న గళ్లలోకి వచ్చారు. ఆ గదులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. రఘునాథపల్లి అమ్మాయి రెండో ఫోనును బియ్యం డ్రమ్ము మీద స్టీలు డబ్బాకు ఆనించింది. ఖిలా వరంగల్ అమ్మాయి సిగ్నల్ కోసం డాబా ఎక్కి, పైన దుప్పటి కట్టుకుని కూర్చుంది. గాలికి ఆ దుప్పటి కొట్టుకుంటుంటే ఆమె ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని కుడి చేత్తో ఆడింది. ఒకరింట్లో గోడ మీద సిలువ, దాని కింద ఇస్త్రీ చేసిన బట్టలు. ఇంకొకరింట్లో కుక్కరు కూతలు. మొదటి రౌండు అయ్యేసరికి ఏ ఇంట్లో ఏం వండుతున్నారో మేడం చెప్పేస్తోంది. "పరకాల పిల్ల ఇంట్ల ఏం వండుతలేరు తమ్మీ. పాపం, పొద్దుటి సంది చాయ్ మీదనే ఉన్నది."

పరకాల అమ్మాయి బీఎస్సీ ఆఖరి ఏడు చదువుతోంది. జట్టులోకి రావడానికి ఆమెకు అదే చివరి అవకాశం. రెండో ఫోను పక్కింటివాళ్లనడిగి తెచ్చుకున్నానని రిజిస్ట్రేషన్‌లోనే రాసింది. నాలుగు రౌండ్లలో మూడు పాయింట్లు తెచ్చుకుంది. ఐదోది, చివరిది గెలిస్తే నలుగురిలో ఉంటుంది. ఎదురుగా ఆడుతున్న హన్మకొండ అమ్మాయికి మూడున్నర పాయింట్లు. ఆమెకు డ్రా అయినా చాలు, ఓడితే మాత్రం జట్టులో చోటు ఉండదు.

ఆట చివరికి వచ్చేసరికి రాజులు, ఏనుగులు, బంట్లే మిగిలాయి. పరకాల అమ్మాయికి ఒక బంటు ఎక్కువ. గెలుస్తుందనే అనుకుంటున్నాను. ఆమె వంతు నడుస్తుండగా ఆమె వీడియో గడిలో చెయ్యి అడ్డం వచ్చింది. మరుక్షణం గదీ లేదు, అమ్మాయీ లేదు. నీలం సున్నం వేసిన గోడ, ఒక మేకు, మేకుకు వేలాడే సంచీ మాత్రమే ఉన్నాయి.

నేను మైకు తెరిచాను. మీటింగులో ఉన్నవాళ్లందరికీ వినిపిస్తుంది. "పరకాల క్యాండిడేట్, కెమెరా ఎందుకు తిప్పారు?"

"సారీ సార్. రెండు నిమిషాలు సార్," గొంతు మాత్రం వచ్చింది.

"కారణం చెప్పండి."

జవాబు లేదు. మళ్లీ అడిగాను. లేదు. నిమిషం నలభై సెకన్లు లెక్కపెట్టి, ఆట ఆపేసి, ఎదుటి అమ్మాయి గెలిచినట్టు నమోదు చేశాను. చేసి, తొమ్మిదో నిబంధనను మైకులో చదివి వినిపించాను కూడా.

మేడం చాయ్ గ్లాసులతో అప్పుడే లోపలికి వచ్చింది. విషయం విని, గ్లాసులు కింద పెట్టి, తన ఫోను తీసుకుని వరండాలోకి వెళ్లింది. మూడు నిమిషాల్లో తిరిగొచ్చింది.

"వాళ్లమ్మ దవాఖానల ఆయా. రాత్రి డ్యూటీ జేసి, పొద్దుటామె రాకుంటే ఆగి గిప్పుడే ఇంటికొచ్చింది. ఉన్నది ఒక్కటే రూం. స్నానం జేసొచ్చి చీరె కట్టుకోవాలె. నువ్వేమో అండ్ల కండ్లు పెట్టి చూస్తాంటివి. గా పిల్ల ఏం జేస్తది?"

"ఆ మాట చెప్తే సరిపోయేది కదా మేడం."

"ఎట్ల చెప్తదిరా? ముప్పై మంది వింటాండ్రు. అడిగేటోడివి నువ్వు. మా అమ్మ చీరె కట్టుకుంటాంది సార్ అని మైకుల చెప్పాల్నా?"

మహిళల పోటీకి నిబంధనలు రాస్తూ, ఆ గదుల్లో ఆడవాళ్లు ఉంటారని ఆలోచించలేదు. ఆట రికార్డు తీసి చూశాను. కెమెరా గోడవైపు ఉన్నంతసేపూ ఆమె ఒక్క ఎత్తు కూడా వేయలేదు. ఆట గడియారంలో తన సమయం కరిగిపోతుంటే కదలకుండా కూర్చుంది.

"మళ్ల ఆడిపియ్యి," అంది మేడం.

"రూల్ ఒప్పుకోదు మేడం."

"రూల్ ఎవలు రాసిన్రు?"

"నేనే."

"అయితే కొట్టేసేది గూడ నువ్వే."

కానీ హన్మకొండ అమ్మాయి ఒప్పుకోవాలి. ఆమెకు పాయింటు అప్పటికే వచ్చేసింది. జట్టులో చోటు ఖాయమైంది. తిరిగి ఆడితే ఓడొచ్చు. మేడం ఆమెకు ఫోను చేసి స్పీకరులో పెట్టింది. కారణం అంతా చెప్పలేదు. "ఇంట్ల ఆడోళ్ల ఇబ్బంది బిడ్డా" అని మాత్రం అంది.

అవతల అమ్మాయి నవ్వింది. "సమజైంది మేడం. మాది గూడ ఒక్కటే రూం, దాని ఎనుక వంటిల్లు. మా అమ్మను పొద్దున ఐదింటికే లేపి తానం జేపిచ్చిన. ఆటయ్యేదాక వంటింట్ల నుంచి రావద్దన్న. పొద్దుటి సంది తిడుతనే ఉన్నది. ఆడుతం మేడం. గిట్లొచ్చిన పాయింటు నాకెందుకు?"

ఆట ఆగినప్పుడు ఎక్కడివక్కడ పావులన్నీ తిరిగి పేర్చాను. ఎవరి గడియారంలో ఎంత మిగిలిందో చూసి అంతే పెట్టాను. మేడం నా కుర్చీ చేయి పట్టుకుని, "నువ్వు గా మూల సిస్టం కాడ కూసొని ఆట సూడు. మనుషులను నేను జూస్తా," అంది. మూలకు వెళ్లాను. అక్కడి తెర మీద చదరంగం బల్ల మాత్రమే కనిపిస్తుంది.

పరకాల అమ్మాయి ఏనుగును ముందుకు నడపాల్సింది, వెనక్కి లాక్కుంది. ఆ ఒక్క ఎత్తుతో ఎదుటి రాజు బంటుకు అడ్డం వచ్చి నిలబడ్డాడు. ఇంకో ఇరవై ఎత్తులు ప్రయత్నించింది. డ్రా. మూడున్నర పాయింట్లతో ఐదో స్థానం, అంటే రిజర్వు. హన్మకొండ అమ్మాయి జట్టులోకి వచ్చింది.

ఆ తర్వాత మేడం అందరి మైకులూ తెరిపించి, "సారు అటు తిరిగి కూసున్నడు. ఇగ చెప్పున్రి, ఎవలెవలు ఏం తిప్పలు వడ్డరు?" అని అడిగింది. నా వెనక ఒక్కసారిగా గోల మొదలైంది. ఒకామె తాడుకు చీర కట్టి ఇంటిని రెండు చేసింది. ఒకామె నాయనమ్మ ఐదు రౌండ్లూ మంచం కింద పడుకుంది. "మీ సారు పోయిండా, ఇగ బయటికి రానా?" అని ఆ ముసలామె గొంతు వినిపించేసరికి మేడం నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకుంది. అరగంట సేపు గోడకు ముఖం పెట్టి కూర్చుని ఆ మాటలన్నీ విన్నాను. ఆ ల్యాబులో అంత సందడి అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

కాలేజీలు తెరిచాక జట్టు ఫారాల మీద సంతకాలకు ఐదుగురూ వచ్చారు. పరకాల అమ్మాయి వెంట వాళ్లమ్మ వచ్చింది. వస్తూనే నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా సారూ, నన్ను జూసి నా బిడ్డను ఓడగొట్టింది?"

"నేను చూడలేదమ్మా. కెమెరా తిప్పింది కదా."

"సూడకనే గింత జేసినవా!"

మేడంతో పాటు అమ్మాయి కూడా నవ్వింది. నేను ఆమెను అడగకుండా ఉండలేకపోయాను. ఆట ఆపకుండా ఉంటే గెలిచేదానివా అని.

"గెలుస్తుంటి సార్," అంది మామూలుగా. "మళ్ల కూసున్నంక భయపడి ఏనుగును ఎన్కకు గుంజుకున్న."

క్షమించమన్నాను. ఆమె తలూపి ఐదో గీత మీద సంతకం చేసింది. అది చూసి వాళ్లమ్మ, "ఐదో నంబరోళ్లను గూడ ఆడిపిస్తరా మేడం?" అని అడిగింది.

"ఎవలకన్న జెరమొస్తే ఆడిపిస్తరు."

"అయ్యో, గట్ల కోరుకోవద్దు. పోయి సూసొస్తది తియ్యి."

నలుగురిలో ఎవరికీ జ్వరం రాలేదు. యూనివర్సిటీల మధ్య పోటీ జరిగిన నాలుగు రోజులూ పరకాల అమ్మాయి ఆడేవాళ్ల పక్కన కూర్చుని, మన జట్టు ఆడిన ప్రతి ఆటనూ నోటుబుక్కులో రాసుకుంది. తిరిగొచ్చాక ఆ పుస్తకం తెచ్చి, వచ్చే ఏడాది పిల్లలకు పనికొస్తాయి, కంప్యూటర్లో ఎక్కిద్దాం సార్ అంది. మూడు మధ్యాహ్నాలు పట్టింది. ల్యాబు తలుపులు బార్లా తీసి ఉంచి, ఆమె ఒక్కో ఎత్తు చదువుతుంటే నేను ఎక్కించాను. ఆమె ఒక్క ఎత్తు కూడా తప్పు రాయలేదు.