గరుడుడికి చేప పెట్టిన మా మేనత్త

మొన్న బుచ్చిరెడ్డిపాలెంలో, వడ్ల వ్యాపారులు కట్టించిన భజన మందిరంలో శరణాగతి మీద మాట్లాడుతున్నాను. పక్కన పెట్టిన నా ఫోను అదేపనిగా మోగింది. ప్రసంగం మధ్యలో నేను ఫోను తీయను. తబలా వాయించే ఆయన తీసి, విని, నా చెవి దగ్గరికి వచ్చి, "మీ మేనత్త పోయిందంట సామీ" అన్నాడు. స్వామిని గురించి ఇన్నేళ్ళుగా గొంతు చించుకుంటున్నవాడిని, ఆ పూట నాకు ఒక్క శ్లోకమూ నోటికి రాలేదు.

రేవులో వేలం ముగించి, గంప కడిగి, అరుగు మీద కూర్చుని కాఫీ అడిగిందట. అది వచ్చేలోపే వెళ్ళిపోయిందట. కాఫీ తాగకుండా ఒక గడప దాటి ఎరగని మనిషి.

ఆమె మా నాన్న చెల్లెలు. మా ఊరి పడవలు తెచ్చిన చేపను వ్యాపారులకు వేలంపాట పాడి అమ్మేది ఆమే. ఆ గొంతు అలల మీద కూడా వినపడేది. నా ప్రసంగాలకు వచ్చి మొదటి వరసలో కూర్చునేది. అయిపోయాక, "బాగనే అరిచినావు లేరా, మైకు లేకున్నా సరిపోయ్యేది" అనేది. నాకు ఏ మఠమూ బిరుదు ఇవ్వలేదు. ఆ మాటే నాకు బిరుదు.

అయితే ఈ సంచిక చదివే భక్తులకు ఆమెను గురించి చెప్పవలసింది వేరే ఉంది. ముత్తుకూరు వైపు, దెబ్బతిన్న గద్దలనూ డేగలనూ గుడ్లగూబలనూ తెచ్చి, బాగుచేసి, తిరిగి ఆకాశానికి వదిలే ఒక ధర్మసంస్థ ఉంది. మా ఊళ్ళో దాన్ని గద్దల ఆస్పత్రి అంటారు. వాళ్ళ డాక్టరమ్మ ఒకనాడు రేవుకు వచ్చి, అమ్ముడుపోని చేప ఏదైనా ఉంటే పక్షులకు ఇవ్వమని అడిగింది. మగవాళ్ళు నవ్వారు. మా అత్త నవ్వలేదు. మర్నాటి నుంచి ప్రతి పడవ దగ్గరా ఒక దోసెడు చేప అడిగి, ఐసు వేసి, థర్మాకోల్ పెట్టెలో సర్ది, పొద్దున బస్సులో పంపించేది.

"మొన్న గుడి వాటా, నిన్న వలలాగినోళ్ళ వాటా, ఇప్పుడు గద్దల వాటా కూడానా అక్కా?" అని ఎవరైనా విసుక్కుంటే, "నీ వలలో నించి అవి లాక్కుపోతే లెక్క చూసుకున్నావా ఎప్పుడన్నా? ఇప్పుడు మర్యాదగా అడగతా ఉండాయి, పెట్టు" అనేది. పెట్టేవాళ్ళు.

ఒక శనివారం మా ఊరి పక్క రొయ్యల గుంట మీద ఒక గరుడ పక్షి చిక్కుకుంది. తెల్లని తల, ఇటుకరంగు రెక్కలు. అది ఆకాశంలో తిరిగితే మా తీరాన పని ఆపి, గోవిందా అని చెంపలు వేసుకోని వాళ్ళుండరు. పక్షులు రాకుండా గుంట మీద కట్టిన నైలాను దారానికి ఆ గరుడుడే రెక్క తెగి, తలకిందులుగా వేలాడుతున్నాడు. అయ్యలారా, అమ్మలారా, నన్ను ఒక్క మాట అననివ్వండి. స్వామి తన జెండా మీద ఎవరిని పెట్టుకున్నాడు? ధ్వజస్తంభం ముందు మనం మొక్కేది ఎవరికి? గుడిలో మొక్కి, గుంట మీద ఉరి వేస్తామా? ఇదేం భక్తి? ఆ దారాలు కట్టిన చేతులే ఏకాదశికి తులసి కోస్తున్నాయి!

పక్షిని దించి తెచ్చినవాళ్ళు మంచి మనసుతోనే తెచ్చారు. తెచ్చి ఎక్కడ పెట్టారు? రామమందిరంలో. పసుపు బట్ట పరిచారు. పసుపూ కుంకుమా పెట్టారు, మెడలో తులసిమాల వేశారు. వెండిగిన్నెలో పాలు, అరటిపండు, వడపప్పు. ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు పోసుకుని వచ్చి ప్రదక్షిణలు. గరుడ వైభవం చెప్పమని నాకు కబురు వచ్చింది. నేను వెళ్ళేసరికి ఆదివారం పొద్దెక్కింది. పక్షి తల వాల్చేసి, కళ్ళు సగం మూసుకుని ఉంది.

"సామి ధ్యానంలో ఉండాడు" అన్నాడు పెద్దకాపు. మా ఊరికి పెద్ద ఆయన. ఆయన మాట దాటి పడవ కదలదు.

అప్పుడే రేవు నుంచి వస్తూ మా అత్త మెట్ల దగ్గర ఆగింది. నెత్తిన చేపల గంప.

"ధ్యానం కాదన్నా. ఆకలి" అంది.

"పాలు పెట్నాం గదక్కా."

"నిన్నట్నించి తాగినాడా?"

ఆమె నా వైపు తిరిగింది. "ఒరే అబ్బయా, పురాణాలన్నీ చదివినావు గదా. గరుడుడు అమృతానికి పోతా ఆకలేసి ఏం తిన్నాడో చెప్పు."

"ఏనుగునీ తాబేలునీ పట్టుకుపోయి తిన్నాడత్తా. పాములైతే రోజూ."

"అరిటిపండు?"

"ఎక్కడా లేదు."

వెనక ఎవరో ఆడపిల్ల కిసుక్కున నవ్వింది. పెద్దకాపు ముఖం ఎర్రబడింది. "పురాణం పురాణమే, మందిరం మందిరమే. నీసు ఈ గడప దాటేదానికి లే."

"దాటక్కర్లే. సామే బయటికి దాటతాడు."

గంప కింద దించింది. బోరింగు దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుంది. లోపలికి పోయి స్వామికి దండం పెట్టింది. తన తుండుగుడ్డ పక్షి తల మీద కప్పి, డాక్టరమ్మ దగ్గర చూసినట్టు కాళ్ళు ముందు ఒడిసి పట్టుకుని, ఎత్తుకుంది. జనం అడ్డం వచ్చారు. మందిరంలోంచి గరుడాళ్వారును తీసుకుపోతే ఊరికి అరిష్టం అన్నారు.

"ఈడ చస్తే శుభమా? గోవిందా గోవిందా అంటా చంపతారా సామిని?" అంది. ఆ మాటకు దారి విడిపోయింది.

పెద్దకాపు మాత్రం మెట్టు దిగలేదు. "తీసకపో అక్కా. బతికించి తెస్తే సరే. బయట చచ్చిందంటే మాత్రం ఆ పాపం నీదే. మళ్ళా మన ఊరి పడవల చేపకు నువ్వు పాట పాడబాక. అది తేలేదాకా కూడా పాడబాక."

ఆ వేలమే ఆమె కూడు. అందరికీ తెలుసు. ఆమె పక్షి మీది తుండుగుడ్డ సర్దింది. "అట్నే కానీ అన్నా" అని నడిచింది.

బస్సులో ఆమె వెంట నేనూ ఉన్నాను. అట్టపెట్టెకు బొక్కలు పొడిచి ఒళ్ళో పెట్టుకుంది. కండక్టరు వచ్చాడు.

"పెట్టెలో ఏంది పెద్దమ్మా?"

"సామి."

"సామికి టిక్కెట్టు కొట్టాల్నా మరి?"

"ఆడోళ్ళకు ఫ్రీ గదా నాయనా. మగోడో ఆడదో తెలీదు. ఆడదనుకో, పోద్ది."

బస్సంతా నవ్వింది. ఆమె మాత్రం ఆ పెట్టె మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

ఆస్పత్రిలో మొదట గొట్టంతో నీళ్ళు పట్టించారు. ఈకలకు పట్టిన పసుపూ కుంకుమా కడిగారు. రెక్క కుట్టి కట్టు కట్టారు. బతుకుతుందో లేదో చెప్పలేమంది డాక్టరమ్మ. మర్నాడు సన్నగా తరిగిన చేపముక్క ఒకటి మింగిందని ఫోను వస్తే, మా అత్త తర్వాతి పెట్టెలో ఇంకో దోసెడు ఎక్కువ సర్దింది.

ఆ రోజుల్ని నేను మరిచిపోలేను. పాట వేరే ఆమె పాడుతోంది. మా అత్త ప్రతి పొద్దునా రేవుకు వచ్చేది. ఒక మూల నిలబడేది. పాట అయిపోయాక పడవ పడవకూ పోయి దోసెడు చేప అడిగేది. తన కూడు పోయింది గానీ పక్షుల కూడు ఆపలేదు. "నీ సంగతేంది అత్తా?" అని అడిగాను. "సామి లేచినాక నన్ను లేపడా?" అంది. నేను వేదికల మీద శరణాగతి అని అరుస్తుంటాను. అదెలా ఉంటుందో చూసింది మాత్రం ఆ ఇసకలో, ఆ మూలనే.

ఇప్పుడు ఆమె లేదు. ఆ దోసెడు చేప అడగడానికి రేవులో ఎవరో ఒకరు కొంగు బిగించాలి. గుంటల మీద ఆ దారాలు విప్పడానికి ఎవరో ఒకరు ముందు తమ గుంట దగ్గర మొదలుపెట్టాలి. చదివి కళ్ళు తుడుచుకుని పక్కన పెట్టడానికి నేనిది రాయడం లేదు. మీ చేతనైంది ఆ ఆస్పత్రికి పంపండి. చేపో, పాత బట్టో, ఒక పూట శ్రమో.

ఇంతకీ, ఆనాడు రెక్క కుదిరాక ఆస్పత్రివాళ్ళు పక్షిని మా రేవుకే తెచ్చారు. దొరికిన చోటికి దగ్గర్లోనే వదలాలట. ఊరంతా వచ్చింది. పెద్దకాపు తెల్లపంచె కట్టుకుని, కండువా వేసుకుని, కొబ్బరికాయతో వచ్చాడు. పెట్టె తెరిచారు. పక్షి అటూ ఇటూ చూసి, ఒక్క ఊపుతో లేచింది. గోవిందా అని రేవంతా అరిచింది. మందిరం మీద మూడు చుట్లు తిరిగి దీవిస్తుందని ఎదురుచూశాం. అది మందిరం వైపు తలైనా తిప్పలేదు. నీళ్ళ అంచున వలలోంచి జారిపడిన ఒక కవళ్ళ చేపను కాళ్ళతో అందుకుని, పెద్దకాపు పడవ జెండా కర్ర మీద వాలి, చీల్చడం మొదలుపెట్టింది.

ఆయన ఆ కర్ర కిందనే చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. కండువా మీద చేప పొలుసులు రాలుతున్నాయి. నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆయన పక్కకు జరగలేదు, దులుపుకోనూ లేదు. తల ఎత్తి చూశాడు. తర్వాత మా అత్త వైపు తిరిగి, "ఏందక్కా చూస్తా నిలబడినావు? చేప చెడిపోతా ఉంది. పాట మొదలుపెట్టు" అన్నాడు.

ఆమె ముందుకు వచ్చింది. ఇన్నాళ్ళు వాడక గొంతు బొంగురుపోయింది. మొదటి పిలుపు సగంలోనే తెగింది. కొంగుతో నోరు తుడుచుకుని మళ్ళీ ఎత్తుకుంది. పైన కర్ర మీద ఆ పక్షి ఒక్కసారి మెడ వంచి ఆ అరుపు ఎవరిదా అని చూసి, తిరిగి తన తిండిలో పడింది.