నీ కాళ్లిరుగ అన్న నోటితోనే

నా గొంతు మొదటినుంచీ ఇంత మొరటుగా లేదు. నలభై ఏళ్లు తంబాకు చాట ముందు కూర్చుంటే ఎవరి గొంతైనా ఇలాగే అవుతుంది. నేను వాకిట్లో పిలిస్తే వాగు అవతలి మేకలు తలెత్తుతాయని మా ఆయన నవ్వేవాడు. ఆయన పోయాక నవ్వే మనిషి లేడు, గొంతు మాత్రం మిగిలింది.

మాది కోరుట్లలో వాగు పక్క వాడ. నేను బీడీలు చేస్తాను. ఆ వానాకాలం ఇద్దరు పడుచు పిల్లలు మా ఇంటెదురు గది కిరాయికి తీసుకున్నారు. హైదరాబాద్‌లో ఒక క్లబ్బుకు జీతానికి ఫుట్‌బాల్ ఆడేవాళ్లట. ఆటకు జీతమేమిటో నాకు ఎంత చెప్పినా ఎక్కలేదు. పోటీలు లేని ఆ రెండు నెలలు మా వాడ పిల్లలకు ఊరికే ఆట నేర్పుదామని వచ్చారు. ఒకడు సిరిసిల్ల మరమగ్గాల ఇంటి పిల్లవాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. రెండోవాడు గోల్‌కీపరు, తలుపుకు అడ్డం నిలబడితే వెలుతురు రాదు.

వాన పడి బడి గ్రౌండు బురదైతే గల్లీలోనే తన్నేవాళ్లు. ఒకరోజు ఆ బంతి వచ్చి సరిగ్గా నా చాటలో పడింది. తంబాకంతా లేచి నా కళ్లల్లో, ముక్కులో. కళ్లు మండుతుంటే నోరు ఊరుకుంటుందా?

“నీ కాళ్లిరుగ! కండ్లు కనవడ్తలేవారా?”

సిరిసిల్ల పిల్లవాడు ఉరికొచ్చి, వంగి తంబాకు ఎత్తుతూ, “అవ్వా, ఏమన్న తిట్టు గని కాళ్లను తిట్టకు. నా బతుకంత గీ కాళ్లల్లనే ఉన్నది” అన్నాడు.

“గట్లయితె గల్లీల తన్నకు!” అన్నాను.

మా వైపు ఆ తిట్టు తిట్టని ఆడది లేదు. పాలు ఒలకబోసిన పిల్లిని అంటాం, ఇంట్లో జొరబడ్డ కోడిని అంటాం, కట్టుకున్నవాణ్ణీ అంటాం. అని మరిచిపోతాం.

వారం తిరగకముందే వాగు పొంగింది. పొద్దున్నే నీళ్లు గడప దాటాయి. అందరం మిట్ట మీది బడికి బయలుదేరాం. సగం దారిలో నాకు తంబాకు సంచి గుర్తొచ్చింది. బీడీ ఆకు తడిస్తే ఏమీ కాదు, దాన్ని తడిపే కత్తిరిస్తాం. తంబాకు తడిస్తే మాత్రం పెంటకుప్పకే. బుద్ధి ఉన్నవాళ్లెవరూ వెనక్కి పోరు. నేను పోయాను. అటక మీదినుంచి సంచి దించుకునే సరికి నీళ్లు నడుముదాకా వచ్చాయి, తలుపు బిగుసుకుపోయింది. అరిచాను. ఈ గొంతుతో ఎంత అరవగలనో అంతా అరిచాను.

ఆ ఇద్దరే వచ్చారు. అప్పటికే పక్క సందులోంచి ఒక బాలింతను, ఇద్దరు ముసలివాళ్లను మోసుకుపోయి బడిలో దింపి ఉన్నారు. గోల్‌కీపరు తలుపు నెట్టి పట్టుకుంటే, సిరిసిల్ల పిల్లవాడు నన్ను వీపున ఎక్కించుకున్నాడు. నేను సంచి నెత్తిన పెట్టుకున్నాను.

“అవ్వా, గా సంచి ఇడిసిపెట్టు!”

“ఇడిసిపెట్ట! నువ్వు నడువు!”

“గండ్ల ఏమున్నది? బంగారమా?”

“తంబాకు!”

అంత వరదలోనూ గోల్‌కీపరు నవ్వాడు. పది అడుగులు వేశామో లేదో, మురుగునీటి మోరీ మీది బండ కొట్టుకుపోయిన చోట నన్ను మోస్తున్నవాడి కాలు దిగబడింది. మోకాలు టక్కుమన్నది వీపు మీదున్న నాకు తెలిసింది. అయినా వాడు నన్ను దించలేదు. స్నేహితుడి భుజం పట్టుకుని బడి మెట్లదాకా తెచ్చి, అక్కడ కూలబడ్డాడు. నేను సంచి పట్టుకుని పక్కన నిలబడ్డాను. తంబాకు పొడిగానే ఉంది.

మోకాలికి ఆపరేషన్ చేశారు. మళ్లీ ఆడతాడో లేదో నెలలు గడిస్తేగానీ చెప్పలేమన్నాడట డాక్టరు. ఆ మాట విన్నప్పటినుంచి నాకు నిద్ర లేదు. బీడీకి దారం చుడుతుంటే దారం తెగేది.

“నా నోరే తాకిందే బిడ్డా” అన్నాను నా కూతురితో.

“నీ నోట్ల గంత తాకతు ఉంటె మీ బీడీ సేటు ఎన్నడో సచ్చిపోతుండె” అన్నది. నవ్వు రాలేదు.

వేసవి ముందర జగిత్యాలలో ఆ ఇద్దరికీ సన్మానం పెట్టారు, వరదలో చూపిన ధైర్యానికి, పిల్లలకు చేసిన సేవకు. బతికి బయటపడ్డదాన్ని కాబట్టి నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. వాడు కట్టె పట్టుకుని వస్తాడేమోనని స్టేజీ మెట్ల వైపే చూస్తూ కూర్చున్నాను. కట్టె లేదు. కానీ ఒక్కో మెట్టూ చూసి ఎక్కాడు. నా చేతికి మైకు ఇచ్చారు.

“గీ పిలగాడు నన్ను మోసిండు. గంతకు ముందు నేను గీయన్ని కాళ్లిరుగ అని తిట్టిన. గా తిట్టు అందరి ముంగట వాపస్ తీసుకుంటున్న.”

సభంతా నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు. వాడు తనకు కప్పిన శాలువా తెచ్చి నా భుజాల మీద వేశాడు.

“అవ్వా, కాలు నీ తిట్టుకు పోలే, నీ తంబాకుకు పోయింది. డాక్టరు ఆడుమన్నడు. వచ్చే నెల సిరిసిల్లల ఆడుతున్న, అచ్చి సూడు.”

పోయాను. ఆట నాకేమీ అర్థం కాలేదు, ఆ మోకాలొక్కటే చూస్తూ కూర్చున్నాను. ఉరుకుతోంది, ఆగుతోంది, పక్కకు మళ్లుతోంది. ఇంతలో అవతలి జట్టు పిల్లవాడు కాలు అడ్డం పెట్టాడు, మావాడు బోర్లా పడ్డాడు. నేను లేచి నిలబడ్డానని కూడా నాకు తెలియదు.

“నీ కాళ్లిరుగ!”

గ్రౌండంతా నా వైపు తిరిగింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. మావాడు లేచాడు, మోకాలు దులుపుకున్నాడు, నన్ను చూసి పగలబడి నవ్వాడు. నేను తిట్టింది మాత్రం ఆ అవతలి పిల్లవాణ్ణి. ఇక ఆట అయ్యేదాకా మావాణ్ణి వదిలేసి వాణ్ణే చూశాను. వాడు కుంటలేదు, పడలేదు. దూడలాగా ఎగిరెగిరి ఉరికాడు. ఆఖరుకు గోలు కూడా కొట్టాడు. మావాళ్లు ఓడిపోయారు. ఓడినవాళ్ల వైపు కూర్చుని చప్పట్లు కొట్టింది నేనొక్కదాన్నే.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీకి తల ఆనించాను. కోరుట్ల వచ్చిందని కండక్టరు భుజం తట్టి లేపేదాకా నాకు మెలకువ రాలేదు.