తడి గోతం

మా డాబా మీద మొక్కల గురించి ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు ముందు భయం వేస్తుంది. మాట ఆ తర్వాతే వస్తుంది. ఎందుకో చెప్పాలంటే నేను చేసిన తప్పు చెప్పాలి.

బందరులో మా ఇల్లున్న వైపు నేలంతా ఉప్పు. పెరట్లో గునపం దించితే నల్లటి బురద వస్తుంది. రెండు రోజులు ఎండితే దాని మీద తెల్లటి పొర కడుతుంది. తోటకూర కూడా మొలవదు. అందుకని డాబా ఎక్కాను. గిలకలదిండి హార్బరులో చేపలకు ఐసు వేసి పంపే థర్మాకోల్ పెట్టెల్లో అంచులు విరిగినవి తెచ్చి, కాలవ ఒండ్రు నింపి, వంగ, టమాటా, బంతి, కనకాంబరం పెట్టాను. చేపల వాసనకు నెల రోజులు వీధిలో పిల్లులన్నీ మా మెట్ల మీదే కాపురం పెట్టాయి. చలి తగ్గి, ఎండ ఇంకా ముదరని ఆ నెలన్నర రోజుల్లో పొద్దున్నే పైకెళ్లి, ఆకుల కింద చెయ్యి పెట్టి కాయ బరువు చూసుకుంటే, కోర్టులో రోజంతా టైపు కొట్టే నా వేళ్లకు ప్రాణం లేచొచ్చేది.

ఆ సంతోషం అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి సంఘంలో వాళ్లను ఇంటికి పిలిచి డాబా చూపించేవాణ్ణి. "ఈ ఉప్పు నేలలో ఇంత పచ్చదనం ఎట్టా తెచ్చారండీ!" అని ఎవరో ఒకరు అనేవారు. ఆ మాట కోసం వారమంతా ఎదురుచూసేవాణ్ణి. ఎవరింట్లోనూ లేని మొక్క ఒకటి తేవాలన్న తీట అలా మొదలైంది.

రెండో సరదా నడక. అది మా బావ వల్ల వచ్చింది. ఆయన మా అక్క భర్త, గుడివాడలో ఉంటారు. కాలవ షట్టర్లు ఎత్తి దించే లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా గట్ల మీద నడిచిన మనిషి కాబట్టి ఇంట్లో కూర్చోలేకపోయారు. సెలవు రోజున ఇద్దరం వీపులకు సంచులు తగిలించుకుని బస్సెక్కి, ఊరు లేని చోట దిగి, కాళ్లు తీపులు పుట్టేదాకా నడిచేవాళ్లం. అటుకులు తినేవాళ్లం. తుమ్మచెట్ల కింద పడుకునేవాళ్లం. ఆయనతో ఉన్నంతసేపు నాకు ఏ చింతా ఉండేది కాదు. నన్ను కొడుకులా చూసేవారని అనను. నన్ను నమ్మేవారు, అంతే.

కిందటేడు మార్చిలో దివిసీమ చివర రెండు రోజుల నడక పెట్టుకున్నాం. కోడూరు దాటి పాలకాయతిప్ప దగ్గర ఆటో దిగి, జనం స్నానాలకొచ్చే వైపు కాకుండా రెండో వైపు సముద్రపుటొడ్డున నడవాలి. మధ్యాహ్నానికి ఒక పల్లెకు చేరి, బావకు తెలిసినవాళ్లింట్లో పడుకుని, మర్నాడు తిరిగి రావాలి. దూరం లెక్కేసింది నేను. తక్కువగా లెక్కేశాను.

బయల్దేరేముందు అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది.

"తమ్ముడూ, ఆయన వేసుకునే బీపీ మాత్ర ఒంట్లో నీరంతా లాగేస్తది. దాహమేసిందని ఆయన చెప్పరు. నువ్వే గుర్తుపెట్టుకుని తాగించాలి."

"బావేమన్నా చిన్నపిల్లాడా అక్కా?"

"చిన్నపిల్లాడైతే ఏడ్చి అడుగుతాడు. ఈయన అడగరు. నిన్ను చూసి పంపిస్తున్నా."

నీళ్లు నా సంచిలోనే పెట్టుకున్నాను, నాలుగు లీటరు సీసాలు. బావ సంచిలో తిండి, దుప్పట్లు.

పొద్దున సముద్రం చాలా బాగుంది. ఎర్ర పీతలు మా అడుగుల చప్పుడుకు బొరియల్లోకి జారిపోతున్నాయి. పదయ్యేసరికి రెండు సీసాలు అయిపోయాయి. ఒక ఇసక దిబ్బ వెనక సరుగుడు నీడలో బావ కాసేపు నడుం వాల్చారు. ఆ దిబ్బ మీదే నాకు మొగలి పొద కనిపించింది. దాని మొదట్లో మూరెడు పిలక ఒకటి ముద్దుగా ఉంది. ఈస్టరు నాటికి అది మా డాబా మీద ఉన్నట్టూ, సంఘమంతా దాని చుట్టూ నిలబడినట్టూ ఊహించుకున్నాను. చాకుతో తవ్వి తీశాను. వేళ్లు ఎండితే బతకదు. నా సంచి అడుగున పరుచుకుని కూర్చోడానికి తెచ్చిన పాత గోతం ఉంది. దాన్ని వేళ్లకు చుట్టి నీళ్లు పోశాను. ఎండకు గోతం పీల్చేసింది. ఇంకొంచెం పోశాను. నా చెయ్యి ఆగిన చోటు చెప్తాను: ఒక సీసా ఖాళీ అయింది, రెండోది సగానికి వచ్చింది. తడి పైకి తెలియకుండా గోతాన్ని పాలిథిన్ కవరులో పెట్టి, నా బట్టల కింద దాచాను.

ఆకుల కొసలు సంచిలోంచి బయటికి కనబడుతున్నాయి. బావ లేచి చూసి నవ్వారు.

"ఏరా బామ్మర్దీ, మొగలి ఉన్న చోటికి పాములొస్తాయంటారు. వాటిని కూడా డాబా ఎక్కిస్తావా?"

"వస్తే రానీండి బావా, పిల్లుల గోల తగ్గుద్ది."

ఇంకో గంటకు సముద్రంలో కలిసే ఒక చిన్న పాయ అడ్డం వచ్చింది. నడుం లోతు ఉంది. బావ ఒడ్డున నిలబడి, పాయనూ ఎండనూ చూశారు.

"ఇది దాటితే పల్లె దాకా ఏమీ లేదు. నీళ్లెన్ని ఉన్నాయిరా?"

అప్పుడు నిజం చెబితే వెనక్కి తిరిగేవాళ్లం. ఎందుకు తిరిగామో కూడా ఆయనకు తెలిసేది. ముళ్ల మొక్క కోసం నీళ్లు పారబోశానని లస్కరు ముందు ఒప్పుకోవాలి. జీవితమంతా పొలాల వాళ్ల తిట్లు తింటూ నీళ్లను అంగుళాల లెక్కన పంచిన మనిషి ఆయన.

"రెండున్నాయి బావా," అన్నాను.

"రెండుంటే చాల్లే. పద."

దాటాం. పాయ అవతల నీడ లేదు. గాలి కూడా నేల మీంచి వేడిగా తగులుతోంది. పల్లె వస్తుందనుకున్న చోట పల్లె లేదు, మళ్లీ ఇసకే ఉంది. ఉన్న సగం సీసా తీసి బావకిచ్చాను. ఆయన దాన్ని ఎత్తి చూసి, "సగమే ఉందేం?" అన్నారు. "లీకైంది కాబోలు బావా." "రెండోది చూడు, అదీ కారుతుందేమో." సంచిలో చెయ్యి పెట్టి, ఖాళీ సీసాను తడిమి, "అది బాగానే ఉంది," అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వచ్చింది. ఆయన రెండు గుక్కలు తాగి మిగతాది నాకిచ్చారు. నేను తాగాను. అది కూడా చెప్పాలి.

ఆ తర్వాత ఎంతసేపు నడిచామో తెలియదు. బావ వెనకబడ్డారు. తిరిగి చూస్తే గీత గీసినట్టు ఉండాల్సిన ఆయన అడుగులు అటూ ఇటూ పోతున్నాయి. దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి కాలిపోతోంది, చెమట చుక్క లేదు. మొగలి పొదలున్న ఇంకో దిబ్బ పక్కన కూర్చోబెట్టి, దుప్పటి ఎత్తి పట్టుకుని నీడ చేశాను.

"నీళ్లు," అన్నారు. అక్క చెప్పిన మనిషి, ఎప్పుడూ అడగని మనిషి, అడిగారు.



ఆయన నా వైపు చూసి, నన్ను గుర్తుపట్టకుండా, "షట్టర్ దించేయవయ్యా. కింది చేలు మునిగిపోతున్నాయి," అన్నారు. గొంతు మామూలుగానే ఉంది, రోజూ ఎవరికో చెప్పే మాటలాగే ఉంది. ఫోను తీశాను. సిగ్నల్ లేదు. ఎదురుగా కనుచూపు మేర నీళ్లు, ఒక్క గుక్క పనికిరాదు. ప్రభువా, ప్రభువా అని మాత్రం అంటున్నాను. దాని తర్వాత ఏమడగాలో నోటికి రావడం లేదు.

ఇక్కడి నుంచి రాయడం కష్టంగా ఉంది. గోతం నా సంచిలో ఉంది. పిండితే గ్లాసుడు నీళ్లు వస్తాయి. మట్టి నీళ్లే అయినా ఆయన నాలుక తడుస్తుంది, నెత్తిన వేస్తే వేడి తగ్గుతుంది. అది నాకు వెంటనే తట్టింది. తట్టకపోవడం కాదు. కానీ గోతం బయటికి తీస్తే, అది ఎందుకు తడిసిందో ఆయనకు తెలిసిపోతుంది. స్పృహ తప్పుతున్న మనిషికి తెలిసిపోతుందని భయపడ్డాను. సంచి మీద చెయ్యి వేసి తీసేశాను. మళ్లీ వేశాను. అలా ఎంతసేపో చెప్పలేను, కానీ ఆ సమయంలో ఆయన తల నా భుజం మీదికి ఒరిగిపోయింది.

అప్పుడు ఒక మనిషి కేకేసింది. ఒడ్డున వల లాగేవాళ్లకు అన్నం క్యారేజీ తీసుకెళ్తున్న ఆవిడ, దుప్పటి చూసి వచ్చింది. నడివయసు మనిషి. బావ మొహం చూడగానే క్యారేజీ కింద పెట్టేసింది.

"ఎంతసేపైంది పెద్దాయన ఇట్టా అయ్యి? తడిగుడ్డ ఏదన్నా ఉందా?"

"లేదమ్మా."

ఆవిడ నా మాట కోసం ఆగలేదు. గుడ్డ కోసం నా సంచి తనే బోర్లించింది. బట్టలు, ఖాళీ సీసాలు, కవరు ఇసకలో పడ్డాయి. కవరు చించింది. గోతం పట్టుకుని చూసింది. నీళ్లు ఆవిడ మోచేతి దాకా కారాయి. మొక్కను అవతల పారేసి, గోతం బావ నెత్తిన వేసి, కొస పిండి పెదాలు తడిపింది. ఆ తర్వాత నన్ను చూసింది.

"మొక్కకు తాగించి మనిషిని ఎండబెట్టావా అబ్బాయ్?"

నాకు కళ్ల వెంట నీళ్లు కారాయి.

"ఏడుస్తావేంది, రా. మొగలి ఉందంటే కింద మంచినీళ్లుంటాయి. చెలమ తియ్యి." దిబ్బ వెనక పల్లంలో మోకాళ్ల మీద కూర్చుని కుక్కలా ఇసక తోడింది. నేనూ తోడాను. మూరెడు లోతులో ఇసక తడిసింది, ఇంకొంచెం తవ్వితే గుంటలోకి నీరు ఊరింది. కొంచెం బురదగా ఉన్నా తియ్యగా ఉంది. క్యారేజీ మూతతో తీసి చుక్క చుక్కగా పోసింది. ఆ నీళ్ల పక్కనే కూర్చుని నేను ఆయన్ని చావనివ్వబోయాను.

వల లాగేవాళ్లు వచ్చి బావను మోసుకెళ్లారు. పల్లెలోంచి ట్రాక్టరు మీద రోడ్డుకు, అక్కణ్ణించి అవనిగడ్డ ఆసుపత్రికి తెచ్చాం. "నీళ్లు లేకుండా ఎంతసేపున్నారు?" అని డాక్టరుగారు అడిగితే, సీసాలు లీకయ్యాయని చెప్పాను. మళ్లీ అదే.

బావ రెండు రోజుల్లో లేచి కూర్చున్నారు. ఆయనకు పాయ దాటిన తర్వాత ఏదీ గుర్తులేదు.

ఈస్టరు రోజున గుడివాడలో, అక్క వాళ్ల చర్చిలో, నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు చేసిన మేలు అందరి ముందు నిలబడి చెప్పడం మాలో అలవాటు. ఇసకలోంచి నీళ్లిచ్చాడని చెప్పాను. ఆ తల్లిని దేవుడే పంపాడని చెప్పాను. అన్నీ నిజాలే. అక్క కళ్లు తుడుచుకుంటోంది. పాస్టరుగారు నా చెయ్యి పట్టుకున్నారు. జనం స్తోత్రం అంటున్నప్పుడు ఆవిడ గుమ్మంలోంచి క్యారేజీతో వస్తుందేమోనని నా కళ్లు తలుపు మీదే ఉన్నాయి.

అప్పట్నుంచి ఆ భయం నన్ను వదల్లేదు. బస్టాండులో చేపల బుట్టతో ఎవరు కనిపించినా పక్కకు తప్పుకునేవాణ్ణి. మొక్కలకు నీళ్లు పోయబోయి చెంబు కింద పెట్టేసేవాణ్ణి. సగం పెట్టెలు ఎండబెట్టేశాను. ఆదివారం ఎవరినీ పిలవడం మానేశాను.

ఈ ఏడు ఫిబ్రవరిలో బావ ఫోను చేశారు. "ఏరా, ఈసారి నాగాయలంక వైపు వెళ్దామా? మీ అక్కను ఒప్పించా. నువ్వుంటే ఫర్లేదంది." ఆ చివరి మాట విన్నాక నిద్ర పట్టలేదు. శనివారం పొద్దున్నే గుడివాడ బస్సెక్కాను.

ఇద్దరినీ కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. మొగలి పిలక, పోసిన నీళ్లు, పాయ దగ్గర అబద్ధం. సంచి మీద చెయ్యి వేసి తీసేసిన సంగతి దగ్గర ఆగాను. అక్క, "చెప్పు," అంది. చెప్పాను. అక్క లేచి లోపలికెళ్లిపోయింది.

బావ తన పాదాలకేసి చూసుకుంటూ అడిగారు.

"నేను నీళ్లడిగానా?"

"అడిగారు బావా."

"మీ అక్కను కూడా అడగను నేను. ఎన్నిసార్లడిగాను?"

"ఒక్కసారే."

ఆయన తలూపారు. కోప్పడతారని చూశాను. తిడితే బాగుండనిపించింది.

"నాతో మళ్లీ నడవాలంటే భయంగా ఉందా?"

"ఉంది బావా."

"నాకూ ఉందిరా, నీతో," అన్నారు. నా వైపు చూడకుండానే అన్నారు. "నాగాయలంక ఇప్పుడొద్దు. ఎప్పుడో చెప్పలేను. సాక్ష్యం మాత్రం సరిచెయ్యి. రేపు ఆదివారమే. ఇక్కడే పడుకో."

ఆ రాత్రి అక్క నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది. పొద్దున ముందు వాళ్లిద్దరూ, నాలుగడుగులు వెనక నేను, చర్చికి నడిచాం. పాస్టరుగారు, "ఎవరైనా చెప్పేది ఉందా?" అనగానే, పారిపోవాలని కాళ్లు తలుపు వైపు తిరిగాయి. అక్క వెనక్కి తిరిగి నన్ను చూసింది. ముందు బెంచీ పట్టుకుని లేచాను.