పాకే విల్లో

కడియంలో ముప్పై ఏళ్లుగా నర్సరీ నడుపుతున్నాను. సింగపూర్ చూడ్డానికి వెళ్లినప్పుడు అక్కడ ఏసీ పెట్టిన అద్దాల తోటలో జానెడెత్తు విల్లో మొక్క నేలకు వాలి కనిపించింది. "అయ్యో, పడిపోయిందే!" అంటూ అలవాటు కొద్దీ కొమ్మ పైకెత్తాను.

"లేపకండి బాబూ! అది పడిపోనేదు, పాకుతంది. నేల తగిలిన కాడల్లా వేరు దిగుతాది," అన్నాడు అక్కడే కలుపు తీస్తున్న శ్రీకాకుళం తోటమాలి.

అంతలో సూపర్‌వైజర్ కర్ర, తాడు తెచ్చి మొక్కను నిలబెట్టి కట్టమన్నాడు.

"నో లా, బాస్," అంటూ సింగపూర్ యాస ఇంగ్లీషులో వద్దని తోటమాలి కొమ్మకు చెయ్యి అడ్డం పెట్టాడు. నాతో మాత్రం తెలుగులో అన్నాడు: "రెండుసార్లు కట్టించాడు బాబూ. రెండుసార్లూ నానే ఇప్పీసినాను. మల్లీ ఇప్పుతాను."

ఎవరు నువ్వన్నట్టు సూపర్‌వైజర్ నావైపు చూశాడు. కడియం అంటే అతనికేం తెలుస్తుంది? అతని కర్రకూ ఆ మొక్కకూ మధ్య బాసింపట్టు వేసుక్కూర్చున్నాను.