ఒంటిగంటకీ రెండింటికీ మధ్య

లంచ్ వేళ అందరూ లంచ్ చేస్తారని నమ్మడం నా మూర్ఖత్వం. నేను తింటాను కనుక లోకమంతా తింటుందనుకున్నాను. అప్పట్లో ఫరీదాబాద్‌లో కార్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో ప్రొబేషన్ మీద ఉన్న సర్వర్ ఇంజనీర్ని. పరీక్షలన్నీ పాసై, చివరికి ఫెయిల్ కావడం గురించి ఆలోచించడమే వృత్తిగా చేసుకున్నవాణ్ని.

మా దగ్గర జంట సర్వర్లు ఉండేవి. మొదటిది పడిపోతే దాని పని రెండోది అందుకోవాలి, అది ఫెయిలోవర్. మొదటిది కోలుకున్నాక పని మళ్లీ దానికి అప్పగించాలి, అది ఫెయిల్‌బ్యాక్. ఊరెళ్లొచ్చినవాడు తన కుర్చీ తనకిమ్మన్నట్టు. ఈ కుర్చీ మార్పిడికి కాసేపు పని ఆగుతుంది కనుక, అది ఏ గంటలో జరగాలో సెట్టింగుల్లో చెప్పాలి. ఎవరినీ అడక్కుండా ఒకటి నుంచి రెండు అని పెట్టేసి, రాజ్మా చావల్ తినడానికి క్యాంటీన్‌కి వెళ్లిపోయాను.

డిస్పాచ్‌లో రిటైర్మెంట్‌కి దగ్గరపడిన హర్యానా గుమాస్తా ఒకాయన ఉండేవారు. అందరూ తావూజీ అనేవారు, అంటే పెద్దనాన్నగారు. ఆయన కంప్యూటర్లో గేట్ పాసు తీసిస్తేనే గుర్గావ్ కార్ల ఫ్యాక్టరీకి మా సరుకు మోసే టెంపోలు కదిలేవి. ఢిల్లీ రోడ్ల మీద పొద్దునా సాయంత్రమూ వాటికి నో ఎంట్రీ. అందుకని ఆయన పాసులన్నీ ఒంటిగంటకీ రెండింటికీ మధ్యే ఇచ్చేవారు. ఈ సంగతి గేటు దగ్గర కుక్కకి కూడా తెలుసు. నాకే తెలియదు.

ఒకరోజు మొదటి సర్వర్ యూపీఎస్ పాడైంది. పొద్దున అది పడిపోగానే రెండోది చక్కగా అందుకుంది. నేను కాలరెగరేశాను. ఒంటిగంట కొట్టగానే పని, అప్పటికి కోలుకున్న మొదటిదానికి తిరిగొచ్చింది. యూపీఎస్ తడబడి అది మళ్లీ పడింది. పని రెండోదానికి పోయింది. మొదటిది లేచింది, పని మళ్లీ ఇటు. తావూజీ ప్రింటు నొక్కినప్పుడల్లా తెర తెల్లబోయేది. పక్కన నేనూ.

బయట పదకొండు టెంపోలు హారన్లు కొడుతున్నాయి. రెండు దాటితే గుర్గావ్‌లో కార్ల లైను ఆగిపోతుంది. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆ వారమే సంతకం కోసం మేనేజర్ బల్ల మీదికి చేరింది.

"ఇంజనీర్ సాబ్, ఈ కబడ్డీ ఏమిటి?" అన్నారు తావూజీ.

"రెండు నిమిషాలు, తావూజీ."

"నీ రెండు నిమిషాలయ్యేసరికి మా గేదె ఈనుతుంది బేటా. హట్ జా, పక్కకి జరుగు."

లేచి, కుర్చీ మీది దిండు ఎత్తారు. కింద పాత గేట్ పాసు పుస్తకాలు, మధ్యలో కార్బన్ పేపర్లతో సహా. చెత్తలో పారేయమని నెల కిందట నేనే చెప్పినవి. ఆయన వాటిని కుర్చీ ఎత్తు కోసం దాచుకున్నారట. పదకొండు పాసులూ చేత్తో రాసిచ్చారు. రెండింటికి అయిదు నిమిషాలుండగా ఆఖరి టెంపో గేటు దాటింది.

మేనేజరుది గుంటూరు. ఇద్దర్నీ పిలిచారు.

"ఆ టైము ఎవరు పెట్టారయ్యా?"

"నేనే సార్."

"ఎవర్నడిగి?"

తెలుగు రాకపోయినా తావూజీకి అంతా అర్థమైంది.

"సాబ్, సగం తప్పు నాది. మా పని లంచ్‌లోనే అని నేను చెప్పలేదు."

"మిగతా సగం?"

"అది వీడిదే. అడగలేదు."

మేనేజర్ నవ్వారు. "సగం తప్పుకి పూర్తి ఉద్యోగం ఎలా తీస్తాంలే" అంటూ కాగితం మీద సంతకం పెట్టారు.

ఆనాటి నుంచి ఆటోమేటిక్ ఫెయిల్‌బ్యాక్ ఆపేశాను. తావూజీ దగ్గరికెళ్లి అడిగి, ఆయన "అబ్ కర్ లే, ఇక చేసుకో" అన్నాకే చేత్తో మార్చేవాణ్ని. నా చదువు నేర్పని ఆ ఒక్క అడుగు, కుర్చీలోంచి లేచి వెళ్లి అడగడం, ఆయన పెట్టిన భిక్షే.

అయినా ఆయన నన్ను ఏడాది పాటు అందరి ముందూ "ఏక్ బజే సాబ్" అనే, అంటే ఒంటిగంట దొరగారనే పిలిచారు. అందుకని, ఆపత్కాల ప్రణాళిక రాసే పని నా మీద పడినప్పుడు, రెండు సర్వర్ల పేర్ల కింద మూడో వరసలో తావూజీ కార్బన్ పుస్తకం అని చేర్చాను. మేనేజర్ ఆమోదించారు. ప్రణాళికలో ఉన్న ప్రతిదాన్నీ మూణ్ణెల్లకోసారి పరీక్షించి తీరాలని నిబంధన. ఆ పరీక్ష రోజున ఆయన కూర్చుని పదకొండు పాసులు చేత్తో రాయాలి. నేను వాచీ పట్టుకుని పక్కన నిలబడాలి.

"వేళ్లు విరిగిపోతున్నాయిరా, దుష్మన్!"

"రూల్ కదా తావూజీ. ఇంకా నాలుగున్నాయి."