గుంతలోకి దిగే మనిషి

వాటం మేస్త్రి అంటే ఆ వీధుల్లో తెలియనివాళ్లు లేరు. నీళ్లు ఎటు పొమ్మంటే అటు పోయేలా నేలకు వాలు పెట్టడం ఆయన పని. దాన్నే పనివాళ్లు వాటం అంటారు, ఆ మాట ఆయనకే పేరై అతుక్కుంది. ఎవరింటికి భోజనానికి పిలిచినా ముందు స్నానాలగది నేల చూసి, పెదవి విరిచి, ఆ తర్వాతే విస్తరి ముందు కూర్చునేవాడు. అలాంటి మనిషిని రెండోసారి ఎవరు పిలుస్తారు చెప్పండి!

పనిలో ఆయనకు తోడు భార్యే. ఆయన గడ్డపారతో పెళ్లగిస్తే ఆమె పారతో ఎత్తిపోసేది. లోతు పని వస్తే మాత్రం దిగేది ఆమె. "నేను దిగితే పైకి లాగడానికి క్రేను తేవాలే. నువ్వయితే సన్నగా ఉన్నావు" అనేవాడు నవ్వుతూ. ఆమె కొంగు బిగించి దిగేది. అసలు సంగతి వేరు. నడుము దాటిన లోతు కనిపిస్తే చాలు, ఆ మహానుభావుడికి గుండె దడదడలాడి నోరెండిపోయేది. మగాణ్ణన్న పరువొకటి ఏడిచింది గనక ఆ ముక్క పెళ్లాంతో కూడా అనలేదు.

ఒకసారి ఓ ఇంటావిడ పెరట్లో ప్లాస్టిక్ గడ్డి పరిపించుకోవాలని ముచ్చటపడింది. పెరడంతా బంకమట్టి. వాన వెలిసి వారమైనా చెప్పు దిగబడే నేల.

"ఊరికే పరిస్తే నాలుగు వానలకే అడుగున నీళ్లు నిలిచి, పరుపు మీద నడిచినట్టుంటుందమ్మా. ముందు నీళ్లకు దారి చూపిద్దాం" అన్నాడు మేస్త్రి.

పెరడంతటినీ ఒక మూలకు వాటం చేసి, కాలువ తీసి, అందులో చిల్లుల పైపు వేసి, ఆ మూలలో బంకమట్టి కింద ఇసుక తగిలేదాకా ఇంకుడు గుంత తవ్వాలి. తర్వాత దాన్ని రాళ్లతో నింపాలి. ఆలోచన బాగానే ఉంది. గుంత పూర్తయ్యాక పైపులు కలిపి ఉంటే ఈ కథే లేదు. ఆయన ఆగలేక, డాబా మీది వాననీటి గొట్టంతో సహా ముందే అన్నీ కలిపేశాడు. ఓ బిందెడు నీళ్లు పోసి, అవి పరుగెత్తుకుంటూ గుంతలో పడుతుంటే చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. "నా నెత్తిన పోస్తావేమయ్యా!" అని లోపలినుంచి భార్య తిట్టింది.

అప్పటికి గుంత నిలువున్నర లోతయింది. మధ్యాహ్నం ఆకాశం మబ్బు పట్టింది. ఇంకో జానెడు తవ్వితే ఇసుక తగులుతుందనగా గుంత గోడ ఒక పక్క జారింది. తడి దుప్పటి కింద పడ్డంత చప్పుడు, అంతే. మేస్త్రి తొంగిచూసేసరికి ఆమె నడుము దాకా మట్టిలో కూరుకుపోయి తలెత్తి చూస్తోంది.

"కాళ్లు కదలట్లేదయ్యా."

తాడు వేసి లాగాడు. ఆమె పెట్టిన కేకకు తాడు వదిలేశాడు. బంకమట్టి పట్టు ఆయనకు తెలియనిది కాదు. ఇంకాస్త లాగితే నడుము విరుగుతుంది. ఇంటావిడ ఫైరింజన్‌వాళ్లకు ఫోను చేసి, ఇంటి గుర్తులు చెబుతోంది. అంతలో వాన దిగింది.

డాబా మీద పడ్డ నీళ్లన్నీ గొట్టంలోకి, గొట్టంలోంచి పైపులోకి, పైపులోంచి గుంతలోకి వచ్చాయి. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా ఒలకలేదు. ఆయన జన్మలో అంత చక్కగా వాటం కుదిరిన పెరడు ఇంకోటి లేదు.

"నీళ్లొస్తున్నాయి" అంది ఆమె, అరవకుండా. ఆ మెల్లని గొంతు విని ఆయనకు పై ప్రాణాలు పైనే పోయాయి.

గడ్డపార తీసుకుని గొట్టాన్ని గోడనుంచి ఊడగొట్టాడు. గుంత అంచున పైపు పగలగొట్టి, మట్టి అడ్డం వేశాడు. డాబా నీళ్లు వంటింటి గడపలోకి మళ్లాయి.  కానీ పెరటి నేల వాలుగానే ఉంది, నీళ్లు సన్నగా గుంతలోకి కారుతూనే ఉన్నాయి. ఆమె రొమ్ముల దాకా వచ్చాయి.

ఎవరైనా దిగి ఆమె చుట్టూ మట్టి తియ్యాలి. ఆ పని తెలిసినవాళ్లు అక్కడ ఆయన తప్ప ఎవరున్నారు? మేస్త్రి అంచున నిలబడ్డాడు.  రెండో గోడ కూడా జారితే ఇద్దరికీ అదే గొయ్యి. ఫైరింజను వచ్చేదాకా ఆగుదామా అని ఒక్క క్షణం అనుకున్నాడు కూడా. కింద నీళ్లు ఆమె భుజం తాకాయి.

రెండు చెక్కలు దించి గోడలకు ఆనించాడు. నిచ్చెన వేసి, కళ్లు మూసుకుని, పైకే ఏడుస్తూ దిగాడు. వీపుకు చల్లగా మట్టి తగిలినప్పుడల్లా ఒళ్లు జలదరించింది. నీళ్లలో మునిగి చేతులతో తోడాడు. తట్ట నిండగానే ఇంటావిడ తాడుతో పైకి లాగింది. ఒక మోకాలు దొరికింది. కాలు పక్కగా నీళ్లు చొరబడేసరికి మట్టి పట్టు సడలింది. రెండో కాలు వచ్చేటప్పుడు ఆమె ఆయన జుట్టు పట్టుకుని వేలాడింది.

ఫైరింజను కూత వినిపించేసరికి ఇద్దరూ వంటింటి మెట్టు మీద ఉన్నారు. ఆమె పళ్లు టకటకలాడుతున్నాయి. కాళ్లు కదులుతున్నాయి.

"లావుగా ఉన్నానని కాదే నేను దిగంది. నాకు గుంతంటే భయం" అన్నాడు మేస్త్రి.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి గుంతప్పుడే. పైనుంచి తొంగిచూసే నీ మొహం నాకు కనబడదా?"

"తెలిసీ దిగావా? నీకేం భయం లేదని నేను..."

"దిగిన ప్రతిసారీ భయమేసింది. ఇద్దరం పైనే నిలబడితే దిగేదెవరయ్యా?"

మేస్త్రి వంగి, ఆమె కాలివేళ్ల సందుల్లో మట్టి తీస్తూ కూర్చున్నాడు.